కూలబడ్డ కారు, సబ్బునీళ్ళు

శివరాత్రి జాగారానికి శ్రీముఖలింగం వెళ్ళాం. మధుకేశ్వరుణ్ణి సేవించుకుని తెల్లారి వచ్చేసరికి మా పాత కారు వెనక ఎడమవైపు కూలబడి ఉంది. స్ప్రింగులకు బదులు గాలి నిండిన రబ్బరు తిత్తుల మీద నిలిచే కారది.

"కంప్రెసరు పోనాదమ్మా, మార్చాల్సిందే" అన్నాడు మెకానిక్. మావారు డీలా పడ్డారు. కానీ ఇంజను వేస్తే కారు మెల్లగా లేచింది! మరి గాలి కొట్టే కంప్రెసరు పోయినట్టెలా?

సైకిల్ ట్యూబు పంక్చరు గుర్తొచ్చి, తిత్తి మడతల మీద సబ్బునీళ్ళు చల్లించాను. బుడగలే బుడగలు! పాతబడి రబ్బరు పగిలింది. ఆ చిల్లు వదిలేస్తే కొత్త కంప్రెసరూ ఆగకుండా తిరిగి కాలిపోయేదే. తిత్తి మార్పిస్తే సరిపోయింది.

ఒక్క జాగ్రత్త! గాలి దిగితే కారు మీదపడుతుంది. స్టాండ్లు పెట్టకుండా కిందికెవర్నీ దూరనివ్వకండి.

కారు సంగతి మనకెందుకని ఊరుకోకండి. ఖర్చు మనింటిదే కదా!