కొల్లూరు కళ్లతో రవ్వల బేరం

వింజమూరులో పెళ్లి ఖాయమైతే బంగారం లెక్క ఇంట్లోనే తేలిపోతుంది. ఎన్ని సవర్లు, తరుగెంత, మజూరీ ఎంత అన్నది అమ్మమ్మ మొదలు అందరికీ నోటికొచ్చు. ఆ పూట రేటు ఫోన్లో ఉండనే ఉంది. తికమకంతా రవ్వల దుద్దుల దగ్గరే. కావలి వెళ్లినా నెల్లూరు వెళ్లినా, నల్ల గుడ్డ మీద ఏడు రాళ్ల జత పెట్టి ‘ఈఎఫ్, వీవీఎస్ అమ్మా’ అనగానే, అప్పటిదాకా గ్రాము గ్రాముకూ గీచి గీచి బేరమాడినవాళ్లు తలూపడం మొదలుపెడతారు. వజ్రానికి బంగారంలా ఊరంతటికీ ఒకటే రేటు ఉండదు. ఒకే బరువున్న రెండు రాళ్ల ధరలో రెండు మూడు రెట్ల తేడా ఉండొచ్చు.

నిజానికి ఈ బేరం మన నేలకు పాతదే. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా భారతదేశం నుంచే వెళ్లేవి. వాటిలో పేరుమోసినవి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలోవి. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లకింద ఉంది.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ, బీజాపూర్ గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఇక్కడివాళ్లు రాయిని ఎలా పరీక్షించేవారో రాసిపెట్టాడు. ఐరోపావాళ్లు పగటి వెలుగులో చూస్తే, మనవాళ్లు రాత్రిపూట గోడలో అడుగు చదరం గూడు చేసి, లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని ఆ వెలుగులో చూసేవారట. నీలి ఛాయ ఉందేమోనన్న అనుమానం తీరాలంటే ఆకులు దట్టంగా ఉన్న చెట్టునీడకు తీసుకెళ్లేవారు. ఇంకో గడుసుదనమూ ఆయన కంటపడింది. రాయి శుభ్రంగా ఉంటే సానమీద కాస్త తిప్పి వదిలేసేవారు. మచ్చో బీటో ఉంటేనే దాన్ని కప్పడానికి ముఖాల మీద ముఖాలు చెక్కేవారు.

ఆ గడుసుదనం ఇప్పుడు షోరూం కప్పుకు ఎక్కింది. అక్కడి స్పాట్‌లైట్ల కింద అమెరికన్ డైమండ్ కూడా జిగేలుమంటుంది. అందుకే దుద్దులు పట్టుకుని గుమ్మం దాకా రావాలి, నీడపట్టున ఒకసారి, ఎండలో ఒకసారి చూడాలి. మొహమాటపడాల్సిన పనేం లేదు. వెనక మూసి బిగించిన నగకన్నా వెనక తెరిచి ఉన్నది నయం, రాయి రెండువైపులా కనిపిస్తుంది.

నాటి వర్తకులు తప్పుపట్టిన నీలి ఛాయనే నేడు మనవాళ్లు ‘బ్లూ జాగర్’ అని అడిగి మరీ కొంటున్నారు. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చిన పేరిది. నీలి మెరుపున్న తెల్లరాళ్లకు ప్రసిద్ధమైన ఆ గనిలో తవ్వకం 1971లోనే ఆగిపోయింది. కాబట్టి ఇవాళ కొత్త నగకు జాగర్ అని చెప్పి పైసలు ఎక్కువ అడిగితే, అది పేరుకు కట్టే డబ్బే. ఆ నీలి మెరుపు అసలు సంగతి సర్టిఫికెట్లో ‘ఫ్లోరసెన్స్’ అన్న వరుసలో ఉంటుంది. అక్కడ ‘స్ట్రాంగ్’ అని ఉంటే ఎండలో రాయి మసకబారుతోందేమో చూసుకోవాలి.

రంగుకు ‘డి’ అక్షరం మేలైనది, ‘ఈ’, ‘ఎఫ్’ దాని తర్వాతివి, అక్కణ్ణుంచి ‘జెడ్’ వైపు పోయేకొద్దీ పసుపు పెరుగుతుంది. పసుపుపచ్చ బంగారంలో పొదిగాక ‘జి’, ‘హెచ్’ రాళ్లు కూడా తెల్లగానే కనిపిస్తాయి. వీవీఎస్ అంటే పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో నిపుణుడికి కూడా లోపం కష్టంగా దొరికే రాయి. చెవికి పెట్టుకునే చిన్న రాళ్లకు అంత అవసరమా? వీఎస్ రాయిలోని లోపమూ మామూలు కంటికి ఆనదు. ఏడు రాళ్లూ ఒకే రంగులో, ఒకే సైజులో జత కుదరడమే ముఖ్యం.

డబ్బు పెట్టాల్సింది సాన మీద. 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్న 410 క్యారెట్ల ముడి వజ్రం లండన్‌లో సానపట్టేసరికి 140 క్యారెట్ల చిల్లర మిగిలింది. మూడింట రెండొంతులు పోగొట్టుకుని ‘రీజెంట్’ వజ్రం అయ్యింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణలో ఉంది. బరువు దక్కించుకోవాలని లోతుగా వదిలేసిన రాయి మాత్రం తూకంలో ఎక్కువ తూగి, కంటికి చిన్నగా, మందంగా కనిపిస్తుంది.

తూకం దగ్గరా ఒక మెలిక ఉంది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరోవంతు ఒక సెంటు. ఒక్కోటి పది సెంట్ల చొప్పున జతకు పద్నాలుగు రాళ్లంటే 1.4 క్యారెట్లు. ఒక్కో రాయి వెడల్పు మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 1.4 క్యారెట్ల ఒంటిరాయి ధరతో వీటిని పోల్చి మురిసిపోవడమూ దండగ, బెదిరిపోవడమూ దండగ. రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ ధరే పెరుగుతుంది. బరువు రెట్టింపైతే వెల నాలుగింతలన్న లెక్క టావెర్నియర్ నాటికే ఉంది.

ఆయన చూడనిది ల్యాబ్‌లో పెంచిన వజ్రం. అదీ వజ్రమే, పదార్థంలో తేడా లేదు. ధర మాత్రం గని వజ్రంతో పోలిస్తే చాలా తక్కువ. తెలిసి కొంటే తప్పేం లేదు. గని రాయి ధరకు అంటగడితేనే మోసం. కొట్టులో ముట్టించి చూపే టెస్టర్ పెన్ను ఈ రెండింటినీ వేరుచేయలేదు. వేడి ప్రసారాన్ని మాత్రమే కొలిచే పెన్నయితే వజ్రాన్ని పోలిన మాయిసనైట్ రాయిని కూడా వజ్రమనే అంటుంది. జీఐఏ, ఐజీఐ వంటి ల్యాబ్ నివేదికే దిక్కు. పెద్ద రాయైతే దాని నడుం అంచున లేజర్‌తో చెక్కిన నంబరును భూతద్దంలో చదివి, ల్యాబ్ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. చిన్న రాళ్లకు సాధారణంగా నగ మొత్తానికి ఒకే సర్టిఫికెట్ ఇస్తారు.

హాల్‌మార్కు, ఆరక్షరాల హెచ్‌యూఐడీ బంగారానికే హామీ, రాళ్లకు కాదు. బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ల క్యారెట్లు, రంగు, శుభ్రత, మజూరీ విడివిడిగా ఉండాలి. పై జతలో రాళ్ల బరువు తీయకపోతే 280 మిల్లీగ్రాముల రాయికి బంగారం రేటు కూడా పడుతుంది. రేపు మార్చుకోవాలన్నా అమ్ముకోవాలన్నా రాయికి ఎంత శాతం ఇస్తారో కూడా ఆ కాగితం మీదే రాయించుకోవాలి. నోటిమాటగా చెప్పింది రెండేళ్ల తర్వాత కొట్టులో ఎవరికీ గుర్తుండదు.