నీరే ఔషధమైన వ్యాధి



జ్యేష్ఠ శుద్ధ ఏకాదశిని నిర్జలైకాదశి యందురు. నాలుగేండ్ల క్రిందట ఆ దినమున మా కోడలు నాతోపాటు ఉపవసించినది. అప్పటికి రెండు నెలలుగా ఆమె రేయింబవళ్లు నీరు త్రాగుచు, రాత్రి నాలుగైదు మార్లు మూత్రమునకు లేచుచుండెను. నేను దానిని ఒక అలవాటుగా తలచి, "ఈ ఒక్క దినము దాహమును ఓర్చుకొనుము తల్లీ" అని చెప్పితిని. సాయంకాలమునకు ఆమె నోరు పిడచకట్టినది, మాట తడబడినది, మగత క్రమ్మినది. ఆసుపత్రికి చేర్చగా రక్తములో సోడియం మితిమీరినదని తెలిసెను. పిదప వైద్యులు డయాబెటిస్ ఇన్సిపిడస్ అను వ్యాధియని నిర్ణయించిరి. దైవానుగ్రహమున ఆమె కోలుకొనినది. వ్రతవిధానములు బోధించుచు జీవితము గడపిన నా మాటయే ఆమెకు ప్రాణాపాయము తెచ్చినది గనుక, వైద్యుల వలన నేను తెలిసికొనినది మీకు విన్నవించుట నా విధి.

పేరులో డయాబెటిస్ ఉన్నను ఇది చక్కెరవ్యాధి కాదు. దీనియందు రక్తములో చక్కెర పెరగదు, మూత్రమున తీపి యుండదు. రెండింటికిని సామ్యము అతిదాహము, అతిమూత్రములే. లాటిన్ భాషలో మెల్లిటస్ అనగా తేనెవలె తీయనిది, ఇన్సిపిడస్ అనగా రుచిలేనిది. చరకసంహిత ఇరువది ప్రమేహములను చెప్పుచు, మధుమేహమును వేరుగను, నీటివంటి మూత్రము పోవు ఉదకమేహమును వేరుగను లెక్కించినది. నేటి వ్యాధి అదియే యని నేను సాధింపబోను. లక్షణభేదమును పూర్వులును గమనించిరని మాత్రమే చెప్పుచున్నాను. చక్కెరవ్యాధితో పొరబడుటచే ఆసుపత్రులలో సైతము రోగులకు హాని జరుగుట చూచి, 2022లో అంతర్జాతీయ నిపుణులు దీనికి వాసోప్రెస్సిన్ లోపము, వాసోప్రెస్సిన్ నిరోధము అను క్రొత్త పేర్లను ప్రతిపాదించిరి.

వాసోప్రెస్సిన్ అనునది మెదడులోని హైపోథలామస్ నందు పుట్టి, పీయూషగ్రంథి నుండి రక్తములోనికి వచ్చు హార్మోను. మన మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. అందులో అత్యధికభాగము తిరిగి రక్తమున చేరును. 1, 2 లీటర్లే మూత్రమగును. తుది దశలో నీటిని నిలుపుమని మూత్రపిండములకు ఆజ్ఞ యిచ్చునది ఈ హార్మోనే. తలకు దెబ్బ తగులుట, మెదడులో కంతి, అచటి శస్త్రచికిత్స మొదలగు కారణములచే ఆ ఆజ్ఞ వెలువడకపోవుట మొదటి విధము. జన్యుదోషము వలననో, దీర్ఘకాలము వాడిన లిథియం వంటి మందు వలననో మూత్రపిండములు ఆజ్ఞను వినకుండుట రెండవ విధము. అరుదుగా గర్భిణులకును వచ్చి, ప్రసవానంతరము తగ్గును. ఈ వ్యాధి గల పెద్దలకు దినమునకు 3 లీటర్లకు మించి, ఒక్కొక్కరికి 10, 15 లీటర్ల వరకు మూత్రము పోవును. రోగి నీరు త్రాగుటచే మూత్రము పోవుట లేదు. మూత్రము పోవుటచే దాహము కలుగుచున్నది. ఈ ఒక్క మాట తెలిసినచో పరిచర్య సగము తెలిసినట్లే.

కావున దాహముగొన్న రోగికి నీటిని ఆపరాదు. రాత్రి పడకచెంత నీటిచెంబు ఉంచవలెను. దాహమని చెప్పలేని పసివారికి, వృద్ధులకు వైద్యుడు చెప్పిన మేరకు మనమే అందింపవలెను. త్రాగిన నీటిని, పోయిన మూత్రమును కొలిచి, ప్రతిదినము ఒకే వేళకు బరువు చూచి పుస్తకమున వ్రాసినచో, మందు సవరించుటకు వైద్యునికి ఆ లెక్క తోడ్పడును.

మొదటి విధమునకు డెస్మోప్రెస్సిన్ అను మందును మాత్రగానో, ముక్కులో చల్లుటకో ఇత్తురు. దానిని వేళకు వాడవలెను, తమంత తాము మానరాదు. అయితే ఆ మందు పనిచేయుచుండగా, దాహము లేకున్నను పూర్వపు అలవాటున నీరు త్రాగినచో, సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, మూర్ఛలు రావచ్చును. అప్పుడు దాహమునకు తగినంతయే త్రాగవలెను. రెండవ విధమున ఆ మందు అంతగా పనిచేయదు. ఉప్పు తగ్గించి, వైద్యుడు వ్రాసిన వేరు మందులు వాడవలెను.

నాలుక ఎండుట, కన్నులు లోతుకు పోవుట, చిరాకు, మగత కనిపించినను, వాంతివిరేచనములచే నీరు నిలువకున్నను తడయక ఆసుపత్రికి చేర్పవలెను. మగతలో నున్నవారి నోట నీరు పోయరాదు. నీరు మానిపించి చేయు పరీక్ష యొకటి కలదు. అది వైద్యుల సమక్షముననే జరుగవలెను, ఇంట చేయరాదు.

యాత్రకు వచ్చు రోగులు నీటిని, మందును చేతిసంచిలో నుంచుకొని, వ్యాధి పేరు, మందు పేరు వ్రాసిన చీటీని జేబులో నుంచుకొనవలెను. క్యూలో నిలుచుటకు ముందే అచటి సేవకులకు తెలుపుటకు సంకోచింపవలదు. దాతలు క్యూల చెంత మంచినీటికిని, శౌచాలయములకును కొంత విరాళము కేటాయించినచో, ఇట్టివారికి అదియే దర్శనభాగ్యమగును.

వ్రతభంగమగునేమో యని శంకింపవలదు. జలము, మూలము, ఫలము, క్షీరము, ఔషధము మొదలగు ఎనిమిదియు వ్రతమును చెరుపవని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఈ వచనమును ఎందరికో వివరించితిని; నాడు మా ఇంటనే మరచితిని. ఇప్పుడు ఏకాదశినాడు మా కోడలికి నీటిచెంబు నేనే అందించుచున్నాను.

స్వస్తి.