ప్రేమా? ఆకర్షణా? ‘మరో చరిత్ర’ చెప్పే పాఠం

పదో తరగతి పిల్లల నోట్‌బుక్కులో ఓ పేరు కనిపిస్తే ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘ఇది ప్రేమ కాదు, వయసు ఆకర్షణ’. నిజమే కావచ్చు. మరి రెండింటికీ తేడా ఏమిటని పిల్లలు అడిగితే మనమేం చెబుతాం? 1978లో కె.బాలచందర్ తీసిన ‘మరో చరిత్ర’ కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మద్రాసు, బెంగళూరుల్లో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడిన సినిమా అది.

విశాఖపట్నంలో ఇరుగుపొరుగున ఓ తమిళ కుటుంబం, ఓ తెలుగు కుటుంబం. మనం ఇక్కడ ఎలాగో, ఆ తమిళులు అక్కడ అలాగ. వాళ్లబ్బాయి బాలు, పక్కింటి స్వప్న ఒకరినొకరు ఇష్టపడతారు. భాష వేరు, ఆచారాలు వేరని పెద్దలు ఒప్పుకోరు. చివరికి ఓ షరతు పెడతారు. ఏడాది పాటు ఇద్దరి మధ్య మాటామంతీ ఉండకూడదు. ఆ తర్వాతా ఇష్టం నిలిస్తే పెళ్లి.

మొదట్లో వాళ్లదీ ఆకర్షణే. చూపులు, అల్లరి, పాటలు. ఆ దశలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా తెలిసేది ఆ తర్వాతే. ఆకర్షణ తాను ఊహించుకున్న మనిషినే చూస్తుంది. ప్రేమ ఎదుటి మనిషిని తెలుసుకోవాలనుకుంటుంది. లిఫ్టులో బాలు తెలుగు సినిమాల పేర్లనే కూర్చి పాడేది అందుకే. ఆమె భాషలోకి వెళ్లే ప్రయత్నం అది.

ఎడబాటులో అదే బాలు స్వప్నను అపార్థం చేసుకుంటాడు. ఆ ఉక్రోషంలో సంధ్యను పెళ్లి చేసుకోబోతాడు. అది సంధ్య మీద ప్రేమ కాదు, దెబ్బతిన్న అహం. నిజం తెలిసిన సంధ్య మాత్రం తన ఆశ వదులుకుని వాళ్లిద్దరినీ కలపాలని చూస్తుంది. తనకు దక్కకపోయినా ఎదుటివారి మేలు కోరడం ప్రేమకు గట్టి గుర్తు.

పెద్దలు గడువు పెట్టడం తప్పు కాదు. మాటలు పూర్తిగా ఆపేయడమే తప్పు. ఒక్క ఉత్తరం ముక్కతో తీరే అపార్థం పెళ్లి దాకా వెళ్లింది. కథ చివర ఇద్దరూ ప్రాణాలు కోల్పోతారు.

పిల్లల విషయం తెలిసినప్పుడు ముందు కోపం దిగమింగుకుందాం. ‘ఆ అమ్మాయికి, ఆ అబ్బాయికి ఏమిష్టమో నీకు తెలుసా? కాదంటే ఒప్పుకోగలవా? చదువు అయ్యేదాకా ఆగగలవా?’ అని అడుగుదాం. వాళ్లు చెప్పేది విందాం. ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చర్చకు పెట్టవచ్చు. సినిమాలో దౌర్జన్య సన్నివేశాలున్నాయి కాబట్టి చూపించకుండా కథగా చెబితే చాలు. ఒక్క మాట మాత్రం మరవకుండా చెప్పాలి: చచ్చిపోవడం ప్రేమకు రుజువు కాదు.