పక్కవాళ్లతో మాట్లాడండి!

సరుకు నిండా వేసుకున్న లారీ, ఓ చిన్న కారు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఆ క్షణంలో లారీ కారుమీద చూపించిన బలం ఎక్కువా, కారు లారీమీద చూపించిన బలం ఎక్కువా, రెండూ సమానమా? బీఎస్సీ పిల్లల్ని అడిగి చూడండి. న్యూటన్ మూడో సూత్రాన్ని నిద్రలో లేపినా అప్పజెప్పేవాళ్లలోనే చాలామంది లారీ వైపు మొగ్గుతారు. నుజ్జయింది కారు కదా మరి! నిజానికి బలం సమానమే. కారు తేలిక కాబట్టి దాని వేగం ఒక్కసారిగా ఎక్కువ మారిపోతుంది, దెబ్బ దానికే గట్టిగా తగులుతుంది.

ఈ తడబాటు మన కాలేజీలకే ప్రత్యేకం కాదు. హార్వర్డ్‌లోనూ ఉంది. ఎరిక్ మజూర్ 1984లో అక్కడ ఫిజిక్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పే తీరు పిల్లలకు నచ్చింది, మార్కులూ బాగానే వచ్చేవి. తను మంచి టీచర్‌నని ఆయనకు నమ్మకం కుదిరింది. ఈలోగా అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన హల్లూన్, హెస్టెనెస్ 1985లో ప్రచురించిన పరిశోధన ఆయన కంటబడింది. లెక్కలు చకచకా చేసే విద్యార్థులు కూడా లారీ ప్రశ్నలాంటి మామూలు ప్రశ్నల దగ్గర తడబడుతున్నారని దాని సారాంశం. మా పిల్లలు అలా కాదులే అనుకుంటూ ఆయన అదే తరహా పరీక్ష పెట్టారు. ఒక విద్యార్థిని లేచి అడిగిన సందేహం ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగింది: వీటికి మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, నాకు అనిపించినట్టు రాయాలా?

పాఠం ఒక గదిలో, ఆలోచన ఇంకో గదిలో కాపురం ఉంటున్నాయన్నమాట.

ఫలితాలు చూసి కంగుతిన్న మజూర్ ఒక ప్రశ్నను బోర్డుమీద రెండు రకాలుగా విడమరిచి చెప్పారు. అయినా ముఖాల్లో అయోమయం పోలేదు. ఇంకేం చెయ్యాలో తోచక, మీలో మీరు మాట్లాడుకోండి అన్నారు. హాలంతా సంతలా మారింది. కాసేపటికే చిక్కు విడిపోయింది. దీనికి ఆయన చెప్పే కారణం గురించి, పాఠం తనకు తెలిసి చాలా ఏళ్లయిన ప్రతి లెక్చరరూ ఆలోచించాలి. నిన్నమొన్న అర్థమైనవాడికి ఎక్కడ కాలు జారుతుందో ఇంకా గుర్తుంటుంది. పాతికేళ్లుగా తెలిసినాయనకు అది ఎప్పుడో మరపున పడిపోయింది.

ఆ అనుభవం నుంచే 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' పుట్టింది. 1997లో అదే పేరుతో ఆయన పుస్తకం వచ్చింది. పద్ధతి కష్టమైనదేమీ కాదు. పది పదిహేను నిమిషాలు పాఠం చెప్పి, నాలుగు జవాబులున్న ఒక ప్రశ్న వేస్తారు. ముందు ఎవరికి వారే ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. మరీ ఎక్కువమంది సరిగ్గా చెబితే ముందుకు సాగుతారు, మరీ తక్కువమందైతే పాఠం మళ్లీ చెబుతారు. సగం అటూ ఇటూగా ఉంటే మాత్రం, పక్కవాళ్లు వేరే జవాబు ఎంచుకుని ఉంటే వాళ్లను ఒప్పించమంటారు. రెండు మూడు నిమిషాలయ్యాక మళ్లీ ఓటు. సరైన జవాబు వైపు చేరేవాళ్ల సంఖ్య సాధారణంగా పెరుగుతుంది.

తెలివైనవాడి జవాబును మిగతావాళ్లు కాపీ కొడుతున్నారేమో! కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులకూ ఈ అనుమానం వచ్చింది. జెనెటిక్స్ క్లాసులో పరీక్షించి 2009లో 'సైన్స్' పత్రికలో రాశారు. చర్చ ముగిశాక అదే భావనమీద ఇంకో కొత్త ప్రశ్న ఇస్తే, మొదట్లో గుంపులో ఎవరికీ జవాబు తెలియని చోట కూడా పిల్లలు మెరుగయ్యారు. కాపీ కొట్టడానికి అక్కడ జవాబే లేదు. వాదించుకుంటూ తేల్చుకున్నారు.

మన క్లాసు, మన భాష

మన దగ్గర మంచి లెక్చరర్ అంటే నోట్సు చూడకుండా గంటసేపు గడగడా చెప్పేవారు. మధ్యలో ఓ పిట్టకథ, చివర్లో 'ఇంపార్టెంట్' ప్రశ్నలకు టిక్కులు. పరీక్ష ముందు రోజు కొనుక్కునే గైడు ఉండనే ఉంది. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ దగ్గర ఇప్పించుకుని దించేస్తే ఆ పనీ అయిపోతుంది. క్లాసులో ఎవరైనా నోరు తెరిస్తే 'సైలెన్స్' అని డస్టర్ బల్లమీద పడుతుంది. పక్కవాళ్లతో మాట్లాడటాన్ని నేరంగా చూడటమే మన డిగ్రీ చదువు చేసుకున్న పెద్ద నష్టమని నా అభిప్రాయం.

ఆ నష్టం ఇప్పుడు ఇంకా పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. తెలంగాణలోనూ గాలి అటే వీస్తోంది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన అమ్మాయి ఇంగ్లిష్ లెక్చర్ వింటూ ముఖ్యమైన మాటల కింద గీతలు గీసుకుంటుందే తప్ప సందేహం అడగదు. అడగాలంటే ముందు దాన్ని ఇంగ్లిష్‌లో కూర్చుకోవాలి కదా! మీడియం మంచిచెడ్డలమీద వాదులాట ఎప్పటికీ తెగేది కాదు. ఈలోగా ఆ అమ్మాయికి క్లాసులోనే మూడు నిమిషాలు తెలుగు దొరకాలి. పక్కన కూర్చున్న స్నేహితురాలితో "అట్లెట్లయితదే?" అనో, "అదెలా అవుద్దే?" అనో దెబ్బలాడగలిగితే, జవాబు ఇంగ్లిష్‌లో రాయడం తర్వాతి పని. పీర్ ఇన్‌స్ట్రక్షన్‌ను కనిపెట్టినవాళ్ల మనసులో ఈ ప్రయోజనం ఉండి ఉండదు. మన గదుల్లో మాత్రం దాని మొదటి లాభం ఇదే.

మంచి ప్రశ్న తయారుచేయడమే అసలు కష్టం. నిర్వచనం అడిగితే చర్చ పుట్టదు. ఎకనామిక్స్‌లో ఇలా అడగొచ్చు: మదనపల్లె మార్కెట్లో టమాటా ధర సగానికి పడింది, జనం రెట్టింపు కొన్నారు. డిమాండ్ పెరిగినట్టా, కాదా? (పెరగలేదు. అదే డిమాండ్ రేఖమీద కిందికి జరిగారంతే.) బీకాం వాళ్లకు ఇంకోటి: ఈ ఏడాది పుస్తకాల్లో లక్ష రూపాయల తరుగుదల రాస్తే గల్లాపెట్టెలోంచి లక్ష పోయినట్టేనా? చిట్టాపద్దులు తప్పు లేకుండా రాసేవాళ్లు కూడా ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. బోటనీలో: వందేళ్ల చింతచెట్టుకు అన్ని టన్నుల కలప ఎక్కడినుంచి వచ్చింది? మట్టిలోంచి అనేవాళ్లే ఎక్కువ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి, నీటి నుంచి అన్న జవాబు కిరణజన్య సంయోగక్రియ పాఠంలోనే ఉంది. సమీకరణం కంఠతా వచ్చు, చెట్టుకు దాన్ని ముడిపెట్టిందే లేదు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో బొటానికల్ గార్డెనే ఉంది. అలాంటి చోట ఈ ప్రశ్నను నల్లబల్ల ముందు అడగడం కంటే చెట్టు కింద నిలబడి అడగడమే మేలు.

ఖర్చు భయం అక్కర్లేదు. రిమోట్ల లాంటి 'క్లికర్లు' వాడినా, ఏ, బీ, సీ, డీ అని రాసిన అట్టముక్కలు ఎత్తించినా నేర్చుకోవడంలో తేడా లేదని కెనడాలోని ఒక కాలేజీలో నతానియెల్ లాస్రీ చేసిన పోలిక తేల్చింది. డిజిటల్ బోర్డు కొనడం సులువు, దానిమీద వెయ్యదగ్గ ప్రశ్న రాయడమే కష్టం.

అడిగాక ఆగాలి కూడా. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికా బడుల్లో గమనించిన ప్రకారం, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగి, తర్వాత తామే అందుకుంటున్నారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పేవాళ్లూ పెరిగారు. ముందు బెంచీయే కాకుండా మూడో వరుస కూడా మాట్లాడుతుంది.

నేర్చుకుంటున్నా తెలియదు

ఇదంతా ఏదో ఒక ప్రొఫెసర్ మురిపెం కాదు. సైన్స్, ఇంజినీరింగ్, గణితం క్లాసులమీద జరిగిన 225 అధ్యయనాలను స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో ఒక్కచోట చేర్చి చూసింది. ఉత్త లెక్చర్ విన్న క్లాసుల్లో సగటున 34 శాతం దాకా ఫెయిలైతే, విద్యార్థులతో పని చేయించిన క్లాసుల్లో 22 శాతం దాకా ఫెయిలయ్యారు.

చిక్కేమిటంటే పిల్లలకు ఇది నచ్చకపోవచ్చు. హార్వర్డ్‌లోనే 2019లో వచ్చిన అధ్యయనంలో, చర్చలతో సాగిన క్లాసు వాళ్లకు పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి. అయినా తక్కువ నేర్చుకున్నామనే చెప్పారు. ధారాళంగా సాగే లెక్చర్ వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తలపట్టుకుని కూర్చున్నప్పుడు ఏమీ రానట్టుంటుంది. కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే ఎందుకిలా చేస్తున్నామో పిల్లలకు చెప్పుకోవాలని ఆ పరిశోధకుల సలహా. ఇక్కడైతే ఇంకొకటి కలపాలి: ప్రిన్సిపాల్‌కూ చెప్పాలి. లేకపోతే "సార్ పాఠం చెప్పట్లేదు, మాతోనే చెప్పిస్తున్నారు" అన్న ఫిర్యాదు ముందుగా అక్కడికి చేరుతుంది.

చదివే పద్ధతిలోనూ ఇదే మాయ ఉంది. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని రెండోసారి చదివినవాళ్లు, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు అని రెండు జట్లు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81కి 75 శాతం. వారం గడిచాక తారుమారైంది: వాళ్లకు 42, పుస్తకం మూసినవాళ్లకు 56. క్లాసు మొదలవగానే నోట్సు మూయించి, నిన్నటి పాఠం నుంచి రెండు ప్రశ్నలకు జవాబు రాయిస్తే చాలు. వాటికి మార్కులు వెయ్యాల్సిన పనికూడా లేదు.

లెక్చరర్ల ఇబ్బందులు ఉత్తవేం కావు. సిలబస్ పూర్తి చేయాలి. న్యాక్ తనిఖీ బృందం వస్తోందంటే ఫైళ్లే లోకం. ఏ ఏటికాయేడు కొనసాగిస్తారో లేదో తెలియని గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్ల లెక్కన డబ్బులిస్తూ కొత్త ప్రశ్నలు తయారుచెయ్యమంటే ఏ మొహంతో అంటాం? వీటన్నిటికంటే గట్టి గోడ ప్రశ్నపత్రం. గైడులో ఉన్నదే పరీక్షలో వస్తున్నంతకాలం, చర్చలో కూర్చున్న విద్యార్థి టైం వృథా అనుకోవడంలో తప్పులేదు. యూనివర్సిటీ పేపర్ మార్చడం ఒక్క లెక్చరర్ వల్ల కాదు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకు ఆ సాకు లేదు, వాళ్ల పేపర్ వాళ్లే రాసుకుంటారు. మిగతాచోట్ల ఇంటర్నల్ పరీక్ష ఉంది, దాని ప్రశ్నలు రాసేది క్లాసు చెప్పినవాళ్లే. వచ్చే ఇంటర్నల్‌లో ఏ గైడులోనూ దొరకని ప్రశ్న ఒక్కటి, అయిదు మార్కులకు పెట్టి చూడొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.