తాతకుఁ దాత యెవరు?

మన యిండ్లలో భోషాణము తెఱచినచోఁ బూర్వుల జాడ దొరకుట కష్టము కాదు. పట్టాలు, దానపత్రములు, విభాగపత్రములు, కరణపు లెక్కలు గలవు. 1858 లో చెన్నరాజధానియం దేర్పడిన ఇనాము కమీషనువారి పుస్తకములలో నే మాన్యము నెవ రే హక్కున ననుభవించిరో వ్రాయఁబడి యున్నది. భూమి గలవాని పేరు శిస్తు వసూలు చేయువాఁడైనను వ్రాసికొనును. భూమి లేనివాని మాట యేమి?

ఇందులకు శ్రీహరికోటయే దృష్టాంతము. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న యీ దీవి యానాదుల పురాతన నివాసము. 1835 లో నిది కుంపిణీ ప్రభుత్వము వశమయ్యెను. ఆనాఁటి యానాది తేనెయు, చిరివేరును అడవిలో సేకరించి సర్కారువారి కిచ్చి, ధాన్యము, బట్ట ప్రతిఫలముగాఁ బొందెడివాఁడు. చిరివేరు మన అద్దకములకు ఎఱ్ఱరంగు నిచ్చినది. 1868 లో గ్రేబే, లీబర్‌మన్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞులు ఆ రంగునకు మూలమైన అలిజరినును కృత్రిమముగాఁ జేసిరి. పిమ్మట రంగువేళ్లకు గిరాకి క్షీణించెను. బెర్లిను ప్రయోగశాలకును, శ్రీహరికోట యిసుకలో వేరు త్రవ్వినవానికిని నిట్లు సంబంధము గలిగెను. కాని యా త్రవ్వినవాని పేరేమి?

1873 నాఁటి బాస్వెలు దొర నెల్లూరు మాన్యువలులోను, 1909 నాఁటి థర్‌స్టను దొర సంపుటములలోను యానాదుల వర్ణన గలదు. జాతిని గూర్చి తెలిసికొనుట కవి చాలును; ఒకని తాత యెవరో తెలిసికొనుటకుఁ జాలవు.

ఇఁక మిగిలినది వృద్ధుల నోటిమాట. దీనిని తేలికగాఁ జూడరాదు. 1950 ప్రాంతమునఁ బుట్టిన వృద్ధుని తాత యించుమించుగా 1890 నాఁటివాఁడు. ఆ తాతకుఁ దాత 1835 నాఁటివాఁడు. రెండు నోళ్లు దాటిన మాత్రమున దీవి చేతులు మాఱిన కాలమునకుఁ జేరుదుము. అయితే సంవత్సరము లడిగి ప్రయోజనము లేదు. తాత నెచటఁ బూడ్చిరి? ఏ గాలివాన వెనుక గుడిసె మార్చిరి? ఆయన యే పని చేసెను? అని యడుగవలెను. గాలివానల తేదీలు సర్కారు కాగితములలో దొరకును.

1969 లో దీవి రాకెట్ల కేంద్రమునకై యెన్నుకొనఁబడెను. 1971 అక్టోబరు 9 న తొలి రాకెట్టు లేచెను. అది దేశమునకు గర్వకారణమే. కాని దీవిలోని కుటుంబములు పెక్కు స్థానభ్రంశము పొందినవి. తాతల సమాధులున్న చోటును చూపఁగలవారు నేఁడు డెబ్బదియేండ్లు దాటినవారు. వారితో నా చరిత్రయుఁ బోవును.

చదువరుల కొక మనవి. ఈ తీరమున యానాదులు మన పొలములకుఁ గావలి కాచిరి, పంటకోఁతలు కోసిరి. కావున వారి పూర్వుల పేళ్లు మన భోషాణములలోని గింజల కూలి లెక్కలలో నుండవచ్చును. మన తాతలకొఱకు వెదకునపు డా పుటలను విడిచిపెట్టక, ఆ పేళ్లను వారి మనుమల కందఁజేయుట మన ధర్మమని మేము తలంచుచున్నాము.