నివురుగప్పిన నిప్పు: పి.సి.ఓ.ఎస్. ఒక్క అండాశయం జబ్బేనా?

"స్కానింగులో నీటి బుడగలున్నాయన్నారు డాక్టరమ్మా, ఆపరేషన్ చేసి తీసేస్తారా?" "పెళ్ళయితే అదే సర్దుకుంటుందట కదా?" మా స్త్రీల ఓ.పి.లో తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలివి. రెంటికీ జవాబు ఒక్కటే: కాదు. ఎందుకో ఈ నెల వివరంగా చెబుతాము.

1935లో అమెరికాలోని చికాగో నగరంలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరీక్షించి ఈ జబ్బును వర్ణించారు. వారు అండాశయాలనే ప్రధానంగా చూశారు కాబట్టి పేరు కూడా వాటిమీదే స్థిరపడింది. నిజానికి ఆ బుడగలు గడ్డలు కావు. పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాల చిన్న సంచులు. వాటిని తీసేయనక్కర్లేదు. అసలు ఇబ్బంది హార్మోన్లలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు కనే వయసులోని ప్రతి 100 మంది స్త్రీలలో 6 నుండి 13 మందికి పి.సి.ఓ.ఎస్. ఉంటుంది. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

హార్మోన్లు ఎందుకు తారుమారవుతాయి?

పురుష హార్మోన్లు అని పిలిచే ఆండ్రోజెన్లు ప్రతి స్త్రీ శరీరంలోనూ కొద్దిగా ఉంటాయి. పి.సి.ఓ.ఎస్.లో అవి పెరుగుతాయి. పై పెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, తల మీద జుట్టు పలచబడటం, నెలసరి తప్పడం ఇందువల్లనే.

దీనికి ఇన్సులిన్ తోడవుతుంది. శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమ గ్రంథి ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని ప్రేరేపించి మరిన్ని ఆండ్రోజెన్లు తయారు చేయిస్తుంది. అంతేకాక, ఈ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేటట్లు చేస్తుంది. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారడం ఇన్సులిన్ పెరిగిందనడానికి ఒక గుర్తు. అది మురికి కాదు, రుద్దితే పోదు.

కనబడని మంట

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వాచి, సలుపుతుంది. దీనినే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇది శరీరం తనను తాను కాపాడుకునే పద్ధతి, గాయం మానగానే చల్లారుతుంది. పి.సి.ఓ.ఎస్. ఉన్న చాలామంది స్త్రీలలో ఇది ఒంట్లో కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి రగులుతూ ఉంటుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. నివురుగప్పిన నిప్పు వంటిది.

ఈ మంటను సూచించే సి.ఆర్.పి. అనే పదార్థం పి.సి.ఓ.ఎస్. ఉన్నవారిలో సగటున దాదాపు రెట్టింపు ఉందని, దానికి కారణం బరువొక్కటే కాదని, అనేక పరిశోధనలను కలిపి చూసి 2011లో తేల్చారు. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఈ మంటను ఎగదోస్తుంది. మంట ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. ఇన్సులిన్ పెరిగి ఆండ్రోజెన్లు పెరుగుతాయి. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే చక్రం ఇది. ఎక్కడో ఒకచోట తెంపితే మిగతావీ నెమ్మదిస్తాయి.

మీరు చేయవలసినవి

1. సి.ఆర్.పి. పరీక్ష చేయించమని పట్టుబట్టకండి. జలుబు చేసినా, పంటికి చీము పట్టినా అది పెరుగుతుంది. దానితో పి.సి.ఓ.ఎస్.ను నిర్ధారించలేము. నొప్పి బిళ్ళలతో ఈ మంట ఆరదు, కడుపుకూ మూత్రపిండాలకూ మాత్రం చేటు.

2. జబ్బు తెలిసినప్పుడే 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే షుగరు పరీక్ష చేయించుకోండి. ఆ తరువాత 1 నుండి 3 సంవత్సరాలకొకసారి షుగరు చూపించుకోవాలి. బి.పి., కొలెస్టరాల్ కూడా చూపించుకోండి. గర్భం ధరిస్తే మొదట్లోనే డాక్టరుకు ఈ విషయం చెప్పండి.

3. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే ఊరుకోకండి. గర్భాశయం లోపలి పొర మందమై, ఏళ్ళు గడిస్తే క్యాన్సరుకు దారితీసే ప్రమాదం పెరుగుతుంది. మందులతో దీనిని నివారించవచ్చు.

4. బరువు ఎక్కువగా ఉన్నవారు 5 నుండి 10 శాతం తగ్గినా మేలు కనిపిస్తుంది. అంటే 70 కిలోల మనిషి మూడున్నర నుండి 7 కిలోలు. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవండి. కంచంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూరలు, గుడ్డు, చేప పెంచండి. కూల్‌డ్రింకులు, బేకరీ తిండి మానండి. సన్నగా ఉన్నవారికీ వ్యాయామం అవసరమే.

5. నెలసరి సరిగా వస్తోందని మందులు సొంతంగా ఆపేయకండి.

కుటుంబాలకు ఒక మాట

పెళ్ళి ఈ జబ్బుకు మందు కాదు. పి.సి.ఓ.ఎస్. ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కూడా కాదు. చాలామంది తల్లులవుతారు, అండం విడుదలకు మంచి మాత్రలున్నాయి. కానీ బిడ్డ పుట్టాక జబ్బు పోయిందనుకుని ఆసుపత్రి ముఖం చూడకపోతే, ముప్పై, నలభై ఏళ్ళకే షుగరు రావచ్చు.

ఈ ఆడపిల్లల్లో దిగులు, ఆందోళన కూడా ఎక్కువ. "తిండి తగ్గించు", "ముఖం చూడు ఎలా ఉందో" అనే మాటలు వారిని డాక్టరుకు మరింత దూరం చేస్తాయి. అమ్మాయిని ఒంటరిగా నడవమనే బదులు సాయంత్రం తల్లి కూడా ఆమెతో కలిసి నడవాలి. ఆమెకొక్కదానికే వేరే వంట చేయకుండా ఇంటిల్లిపాదీ అదే భోజనం చేయాలి. ఆ తిండి, ఆ నడక అందరికీ మంచివే.