కమాన్ కట్టలు బలంగా వేయిస్తే పికప్‌పై క్యాంపర్ ఎక్కించొచ్చా? ఆర్‌సీలో ఏం చూడాలి?

పికప్ తొట్టిలో పడక, స్టవ్, నీళ్ల ట్యాంకు ఉన్న క్యాంపర్ డబ్బా పెట్టించగానే బండి వెనుక భాగం కిందికి కుంగుతుంది. మెకానిక్ షెడ్డులో వెంటనే వినిపించే సలహా ఒకటే: ‘కమాన్ కట్టకు ఇంకో రెండు పట్టీలు వేద్దాం సార్, ఎంతైనా మోస్తుంది’. పట్టీలు వేస్తే కుంగడం తగ్గే మాట నిజమే. ‘ఎంతైనా మోస్తుంది’ అన్నది మాత్రం నిజం కాదు.

బండి మోయగల బరువును నిర్ణయించేది ఒక్క స్ప్రింగులే కాదు. ఛాసిస్, యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, టైర్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. వాటన్నింటినీ చూసి కంపెనీ ఇచ్చే గరిష్ఠ అంకెనే జీవీడబ్ల్యూ, అంటే లోడుతో కలిపి బండి మొత్తం బరువు అంటారు. దీన్ని ఆర్‌సీలో చూడొచ్చు. దానిలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీకు మిగిలే లోడు తెలుస్తుంది.

లెక్క ఎలా వేయాలి?

ఉదాహరణకు జీవీడబ్ల్యూ 2,900 కిలోలు, ఖాళీ బరువు 2,050 కిలోలు అనుకుందాం. మిగిలేది 850. క్యాంపర్ డబ్బా 500 కిలోలు, 100 లీటర్ల నీళ్లంటే మరో 100 కిలోలు, నలుగురు మనుషులు 280, గ్యాస్ సిలిండర్, సామాన్లు 60. మొత్తం 940 కిలోలు. అంటే 90 కిలోలు ఎక్కువ. చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవర్ బరువు కలవదు కాబట్టి ఆయన్నూ ఈ నలుగురిలోనే లెక్కేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే, నీళ్లు కూడా.

కాగితం మీద లెక్క కంటే వేబ్రిడ్జి చీటీ నమ్మకం. ట్యాంకు నింపి, మనుషులు ఎక్కాకే తూకం వేయించాలి. ముందు చక్రాలను మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, మొత్తం బండితో ఇంకోసారి తూయించి తేడా చూస్తే వెనుక యాక్సిల్‌పై ఎంత పడుతోందో తెలుస్తుంది. టైరు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ అంకెనూ చూడండి. 108 అని ఉంటే ఆ ఒక్క టైరు పరిమితి 1,000 కిలోలు, 112 అయితే 1,120.

మరి పట్టీలు వేయడం వల్ల లాభం లేదా?

పరిమితిలోపు బరువుకైతే ఉంది. వెనుక కుంగితే హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటి డ్రైవర్ కళ్లలో పడతాయి, ముందు చక్రాలపై భారం తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. అదనపు పట్టీ, ఎయిర్ బ్యాగు వీటిని సరిచేస్తాయి. డబ్బా దించేశాక మాత్రం అదే పట్టీ బండిని గుంతల్లో ఎగరేస్తుంది.

షెడ్డుల్లో అరుదుగా చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. కొన్ని పికప్‌లలో వెనుక యాక్సిల్‌కు, ఛాసిస్‌కు మధ్య దూరాన్ని బట్టి వెనుక బ్రేకులకు ఒత్తిడి పంపే వాల్వ్ ఉంటుంది. గట్టి స్ప్రింగులతో తొట్టి పైకి లేస్తే ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుంటుంది, వెనుక బ్రేకు తగ్గిస్తుంది. లోడుతో దిగే ఘాట్ రోడ్డులో ఇది ప్రమాదం. స్ప్రింగులు మారిస్తే ఈ వాల్వ్‌నూ సర్దించాలి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించొచ్చు. అధిక లోడుకు సెక్షన్ 194 కింద రూ.20,000తో పాటు ప్రతి అదనపు టన్నుకు రూ.2,000. పైగా ఎక్కువైన లోడు దించేదాకా బండి కదలనివ్వరు.

డబ్బాను శాశ్వతంగా బిగించాలంటే పని మొదలుపెట్టక ముందే ఆర్టీఏ కార్యాలయంలో ఆల్టరేషన్ అనుమతి అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. ఎత్తి దించే డబ్బా అయినా తూకం లెక్క మారదు. అనుమతి వచ్చినంత మాత్రాన జీవీడబ్ల్యూ పెరగదు. అంకె దాటుతోందని తేలితే నీళ్ల ట్యాంకు చిన్నది చేయడం, తేలికైన డబ్బా ఎంచుకోవడం, లేదా ఎక్కువ పేలోడ్ ఉన్న బండికి మారడమే దారి.